తిత్తి తాత పేరు

సినిమాలో గద్దకరడు కోటను కూలగొట్టింది రెక్కలున్న పాము. నిజంగా కూలగొట్టింది సుడలై.

కోటనంతా కాదు లెండి. మూరన్నర పొడుగు, జానెడు వెడల్పు ఉన్న సున్నపు గచ్చు పెచ్చు ఒకటి, అంతే. ఆ పాముకు కంప్యూటర్లో రెక్కలు మొలిపించడానికి ముంబైలో ఎంతోమంది ఏడాది పాటు కూర్చున్నారట. సుడలైకి ఆ పెచ్చు ఊడదీయడానికి ఒక్క పొద్దుటి పూట చాలింది.

అతనికి యాభై మూడేళ్లు. కోయంబత్తూరు పక్కన తుడియలూరులో మోటారు పంపులు పోతపోసే ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు అచ్చుపని చేశాడు. ఇసుకలో నమూనా పెట్టి, చుట్టూ దిమ్మించి, మళ్లీ పైకెత్తినప్పుడు అంచు చెదరకూడదు. అదీ పని. ఫౌండ్రీ మూతపడ్డాక సింగానల్లూరులో ఫైబర్ అచ్చులు తీసే షెడ్డులో చేరాడు. పెళ్లిమంటపాల స్తంభాలు, పార్కుల్లో ఏనుగులు, హోటళ్ల ముందు దణ్ణం పెట్టే బొమ్మలు, అన్నీ అతని చేతి మీదుగా వెళ్లినవే. "సుడలై అచ్చు తీసుకుపోతే అసలుదానికి కూడా తెలియదు" అని షెడ్డు ఓనరు నలుగురిలో చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా సుడలై తల వంచుకుని మీసం చాటున నవ్వుకునేవాడు. మనిషికి పనిమీద గర్వం ఉండవలసిందే. కాకపోతే ఆ గర్వం ఒక్కోసారి చెవులు మూసేస్తుంది.

సొంత ఊరు తమిళనాడులోనే తేని పట్టణానికి పడమర, కొండల పాదంలో ఉన్న గద్దకరడు. ఆ ఊళ్లో రెండు వీధులు. మేడవీధి వాళ్లదీ తెలుగే, కింద వీధి వాళ్లదీ తెలుగే. ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు తాగకపోయినా, కొన్ని వందల ఏళ్లుగా ఒకే భాషలో తిట్టుకుంటూ బతుకుతున్నారు. చదువు మాత్రం తమిళ బడిలో. అందుకని తెలుగు వాళ్లకు నోటికి తెలుసు, చెవికి తెలుసు, కంటికి తెలియదు.

సుడలైది కింద వీధి. ఒకప్పుడు తోలుపని చేసిన వీధి. కరడు మీద, అంటే ఆ గుట్ట మీద, కోట కట్టేటప్పుడు పైన చుక్క నీరు లేదట. సున్నం నానాలన్నా, గచ్చు కలపాలన్నా కింద మడుగునుంచి నీళ్లు తేవాలి. తోలు తిత్తులు కుట్టి, వీపున వేసుకుని, ఆ నీళ్లు ఎక్కించినవాడు తమ తాతల తాత అని కింద వీధి వాళ్ల మాట. పేరు ఎవరికీ గుర్తు లేదు. తిత్తి తాత అంటారు. వాళ్లలో పెళ్లికి ముందురోజు పెద్దల నీళ్లని ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయిన పెద్దల్ని పేరు పేరునా పిలిచి, ఒక్కొక్క పేరుకూ ఒక చెంబు నీళ్లు గడప ముందు పోస్తారు. ఎనిమిది పేర్లు గడగడా వస్తాయి. తొమ్మిదో చెంబు దగ్గర అందరూ ఆగుతారు. "తిత్తి తాతా, నీ పేరు మరిచితిమి, కోపించుకోవద్దు" అని ఆ చెంబు పోస్తారు.

సుడలై తల్లి మూకాయి ఆ చెంబు పోసిన ప్రతిసారీ ఒక మాట కలుపుతుంది. "మరిచింది మనమే. గోడ మరవలే. ఆయన పేరు కోటవాకిలి లోపల గోడమీద ఉండాది."

ఉంది, అక్కడ ఏదో రాత ఉంది. పాచిపట్టి, నల్లబడి, వంకరటింకరగా ఒక నాలుగు వరుసలు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అది తమ జమీందారు పేరని మేడవీధి వాళ్లంటారు. వాళ్లకూ చదవడం రాదు. రాకపోయినా అది జమీందారు పేరేనని వాళ్లకు కచ్చితంగా తెలుసు. కింద వీధి వాళ్లకు కచ్చితంగా తెలిసే భాగ్యం ఎక్కడిది? మూకాయి ఒక్కతే నమ్మింది. ఆమెకు వాళ్ల అయ్య చెప్పాడు, ఆయనకు వాళ్ల అయ్య చెప్పాడు. ద్రాక్షతోటలో కాయ కోసేటప్పుడూ, రేషను షాపు ముందు నిలబడినప్పుడూ ఎవరు కదిపినా ఆ మాటే చెప్పేది. జనం నవ్వేవారు. "ఏమి మూకాయీ, మీ తాత పేరుకు పక్కన ఫొటో కూడా ఉండాదా?" అనేవారు. ఆమె కొంగు దులుపుకుని, "నవ్వండి, చదివేవాడు వస్తాడు" అనేది.

సుడలై కూడా నమ్మాడు, ఆరో తరగతి దాకా. ఒకరోజు బడిలో ఆ మాట గొప్పగా చెప్పాడు. అది తెలుగు రాజుల రాత, రాజులు నీళ్లు మోసేవాడి పేరు గోడకెక్కిస్తారా అని వాధ్యారు అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు సుడలై చెవిలో మేకులా దిగబడిపోయింది. తెలుగు మాట్లాడటం తమది, తెలుగు రాయడం రాజులది అని ఆ రోజు అతను నేర్చుకున్నాడు. బడిలో నేర్చుకున్న మిగతావన్నీ మరిచిపోయాడు గానీ, ఇదొక్కటీ మరవలేదు.

సినిమా వాళ్లు గద్దకరడుకు రావడానికి కారణం అక్కడ కరెంటు తీగలు లేకపోవడం. కోటలు చాలా చూశారట. ఒకచోట సెల్‌టవరు అడ్డం, ఇంకొకచోట పక్కనే ఇడ్లీకొట్టు. గద్దకరడులో వాకిలి ముందు నిలబడితే వెనక కొండలు తప్ప ఇంకేమీ కనబడవు. లేని దేశాన్ని చూపించాలంటే ఉన్న దేశం కనబడని చోటే కావాలి మరి. కథేమిటంటే, ఆ రాజ్యం మీదికి రెక్కల పాము వచ్చి కోటవాకిలిని పగలగొడుతుంది. నిజం కోటను పగలగొట్టనివ్వరు కాబట్టి, వాకిలికి అచ్చులు తీసుకుని, చెన్నై స్టూడియోలో ఫైబరుతో అదే వాకిలి కట్టి, అక్కడ పగలగొట్టాలి. ఆ అచ్చుల పని సింగానల్లూరు షెడ్డుకు వచ్చింది.

ఊరి పేరు వినగానే సుడలై ఎగిరి గంతేసినంత పని చేశాడు. కూలికి పోయిన వీధిలోకి కంపెనీ వ్యానులో, ముందు సీటులో కూర్చుని వెళ్లడమంటే మాటలా! చెల్లెలు పాండీశ్వరి ఇంటి ముందు వ్యాను ఆపించాడు. మూకాయి అక్కడే ఉంటుంది. ఎనభై దగ్గరపడినా తోటపని మానలేదు. కొడుకు తలమీద కంపెనీ టోపీ చూసి మురిసిపోయింది, అంతలోనే ముఖం గంభీరంగా పెట్టింది.

"ఏమిరా, ఆ వాకిట్లో గోడ తాకేటప్పుడు తాతకు ఒక మాట చెప్పి తాకు" అంది.

"సెరి సెరి, చెప్తాలే" అన్నాడు సుడలై నవ్వుతూ.

"నవ్వొద్దురా. పైపైన పట్టు. అది రాయి కాదు."

తల్లి పనిమీద సలహా చెప్పడం సుడలైకి తమాషాగా అనిపించింది. ముప్పై ఏళ్ల అచ్చుపనివాడికి ద్రాక్షకాయలు కోసే ముసలామె నేర్పడమా! టీ గ్లాసు కింద పెట్టి వ్యానెక్కాడు. ఆ ముసలామె చిన్నప్పుడు మేకలు తోలుకుని ఆ కోటలోనే పెరిగిందనీ, ఆ గోడకు వీపు ఆనించి మధ్యాహ్నాలు గడిపిందనీ అతనికి గుర్తుకు రాలేదు.

మొదటి నాలుగు రోజులూ పని చక్కగా సాగింది. వాకిలి బయటి వైపంతా కొండరాయి. శుభ్రం చేయడం, మైనం పూయడం, పైన రెజిన్ రాసి ఫైబరు పరచడం, ఆరాక ఎత్తడం. రాయి కాబట్టి మైనం ఒక పూత చాలు. అచ్చులు అద్దాల్లా వచ్చాయి. సినిమాకు ఆర్టు డైరెక్టరు అరవిందన్ అనే చెన్నై మనిషి. పెద్దగా మాట్లాడడు, కోప్పడడు. అచ్చు మీద చేయి వేసి, "మాస్టర్, ఇది కదా పని" అన్నాడు తమిళంలో. సుడలైకి ఆ రాత్రి అన్నం కూడా రుచిగా అనిపించింది.

ఐదోరోజు పొద్దున వాకిలి లోపలి గోడ దగ్గరికి వచ్చారు. అరవిందన్ రాతను చూసి ఆగాడు.

"ఇది కెమెరాలో పడకూడదు మాస్టర్. మన రాజ్యానికి వేరే లిపి తయారు చేశాం. దీంట్లో మట్టి నింపి గోడకు అచ్చు తీయండి. అక్షరాలు తర్వాత మేం పెట్టుకుంటాం. పది గంటలకు ఎండ ఇక్కడికి వస్తుంది, హీరో షాటు ఉంది. అంతలోపల అయిపోవాలి."

అంటే రెండున్నర గంటలు. సుడలై ముందు తన అలవాటు ప్రకారం సెల్‌ఫోనుతో గోడను ఫొటో తీసుకున్నాడు. ప్రతి పనికీ ముందొకటి, వెనకొకటి తీస్తాడు. తీశాక ఒక్క క్షణం ఆగాడు. అతని కూతురు ఇందుజ కోయంబత్తూరులో పంపుల కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది. ఆంధ్రా రైతులు ఫోను చేసి మోటారు ఆగిపోయిందని చెబితే రాసుకోవడం ఆమె ఉద్యోగం. ఇంట్లో మాట్లాడే తెలుగే ఆ ఉద్యోగం తెచ్చిపెట్టింది. రైతులు పంపే మెసేజీలు చదవాలని ఏడాదిగా పట్టుబట్టి తెలుగు అక్షరాలు కూడా నేర్చుకుంది. ఈ ఫొటో ఆమెకు పంపితే? పాప ఇప్పుడు ఫోన్లలో ఉంటుంది, ఎందుకులే అనుకున్నాడు. అయినా రాజుల రాత, మనకేం పోయింది అనుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఆ జేబును తడుముకోవడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు.

గోడమీద వేలి కణుపుతో తట్టాడు. రాయి అయితే టక్కుమనాలి. బొదబొదమంది. లోపల డొల్ల. పైనున్నది ఇటుక మీద వేసిన పాత సున్నపు గచ్చు, వెనక పట్టు వదిలేసి ఉంది. అలాంటిదానికి మైనం మూడు పూతలు వేయాలి, మధ్యలో పలచని కాగితం అంటించాలి, ఒక రోజంతా ఆగాలి. సుడలైకి ఇది తెలుసు. చేతికి తెలుసు, చెవికి తెలుసు. కానీ "ఇది కదా పని" అన్న మనిషి పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఇవాళ కాదు, రేపు అనడానికి సుడలైకి నోరు రాలేదు. ఒక పూతే వేశాడు. తాతకు మాట చెప్పడం సంగతి సరే సరి.

పదికి ఐదు నిమిషాలప్పుడు అచ్చు ఎత్తాడు. చాలా తేలిగ్గా వచ్చింది. తేలిగ్గా వస్తే మురిసిపోయేవాడు కొత్తవాడు. పాతవాడికి గుండె జారుతుంది. అచ్చు వెనక్కి తిప్పి చూస్తే గచ్చంతా దాంట్లోకి వచ్చేసింది. గోడమీద ఎర్రటి ఇటుకలు బయటపడ్డాయి.

అరవిందన్ చూశాడు. కేకలేయలేదు. కేకలేసినా బాగుండేదని సుడలై తర్వాత అనుకున్నాడు. "పరవాల్లేదు మాస్టర్, సిమెంటుతో పూడ్చేయండి. దాని మీదే మన లిపి గీసేద్దాం, షాటుకు కూడా పనికొస్తుంది" అన్నాడు. సుడలై తెల్లసిమెంటు కలిపాడు. పచ్చి సిమెంటు మీద, అరవిందన్ చూపించిన కాగితం చూసి, ఏ దేశంలోనూ లేని అక్షరాలు తన చేత్తోనే గీశాడు. కాఫీ డికాక్షనూ, మసీ పూసి పాతబరిచాడు. అది చూసి లైటుబాయ్‌లు కూడా మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం చింతచెట్టు నీడలో కూర్చుని అచ్చు శుభ్రం చేశాడు. అచ్చులో పిసరంత గచ్చు మిగిలినా పని చెడుతుంది. వైరు బ్రష్షుతో గీకాడు, నీళ్లు పోసి కడిగాడు, గుడ్డతో తుడిచాడు. పెచ్చులన్నీ సంచిలోకి ఎత్తాడు. క్రేను బండి దిగబడుతోందని దాని డ్రైవరు అడిగితే ఆ సంచి కూడా దారిలో గుంట పూడ్చడానికి ఇచ్చేశాడు. ఎక్కడా ఒక్క పలుకు మిగలకుండా అంత బాగా చేశాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఇందుజ తండ్రి ఫోనులో పాత ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కిస్తూ, ఒక దగ్గర ఆగిపోయింది.

"నాయినా, ఇది యాడ తీస్తివి?"

"మన ఊరి కోటలో. ఏమి?"

"ఇది తెలుగే. పాతది మాత్తరం." ఫొటో పెద్దది చేసి, కూడబలుక్కుంటూ కూర్చుంది. రెండు అక్షరాలు తెలియకపోతే ఆఫీసులో చిత్తూరు నుంచి వచ్చిన స్నేహితురాలికి పంపింది. సాయంత్రానికి కాగితం మీద తమిళ లిపిలో రాసుకుని వచ్చి తండ్రి ముందు చదివింది.

"యీ గచ్చుకు నీళ్లు మోశినది తిత్తుల మాదన్న. దిగేటప్పుడు పడి చచ్చె. వాని పేరు నిలువవలెనని పనివాడు యెంగళప్ప వ్రాలు." చదివి, ఆమే అర్థం చెప్పింది. "వ్రాలు అంటే కైయెళుత్తంట నాయినా, సంతకం. పచ్చి గచ్చులో వేలితో రాసిండాడు, చూడు. రాజు ఎవురూ లేడు దీంట్లో. ఒక కొత్తనారు, తాపీమేస్త్రి, తనతో పని చేసిన ఆయప్ప కోసరం రాసిండాడు. తిత్తుల మాదన్న, నాయినా. మన తిత్తి తాత. అవ్వ చెప్పింది నిజం."

ఇందుజ కళ్లు మెరిసిపోతున్నాయి. ఇంక పెళ్లిళ్లలో తొమ్మిదో చెంబుకు పేరుంది. ఎప్పుడు వెళ్లి గోడ చూద్దామని అడిగింది. సుడలై మంచంమీద కూర్చుండిపోయాడు. ఒక పనివాడు ఇంకొక పనివాడి పేరు నిలవాలని వేలితో రాశాడు. వానకూ, ఎండకూ, జమీను పోయినా అది నిలిచింది. మూడో పనివాడు వచ్చి పది గంటల షాటుకోసం ఊడదీశాడు. సిగ్గుతో అతని ఒళ్లంతా మండింది. ఆపుకోలేక ఏడ్చాడు. జరిగింది చెప్పాడు. ఇందుజ ఆ కాగితాన్ని మడిచి తన బ్యాగులో దాచుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మర్నాడే గద్దకరడుకు వెళ్లి క్రేను దారిలో గుంట తవ్వి చూశాడు. బండ్లు తొక్కి తొక్కి అంతా పిండి అయిపోయింది. తల్లికి ముఖం చూపించకుండానే బస్సెక్కి తిరిగొచ్చేశాడు. ఇంకో నెల గడిచింది. రోజూ చెప్పాలనుకునేవాడు, రోజూ రేపనుకునేవాడు.

చివరికి ఇందుజే పట్టుబట్టింది. "అవ్వకు వయసాయె నాయినా. పేరైనా వినిపోనీ. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అంది. ఆ శనివారం పొద్దున సుడలై చెల్లెలింటికి వెళ్లి, తల్లిని పెరట్లో కూర్చోబెట్టి, మొదట పేరు చెప్పాడు.

మూకాయి ఆ పేరును రెండుసార్లు నోట్లో తిప్పుకుంది. "తిత్తుల మాదన్న. మాదన్న." ముడతల మధ్య కళ్లు తడిశాయి. "చూడు, నేను చెప్తినా లేదా? రా, పోదాం. ఒకమారు తడిమి వస్తాను."

అప్పుడు మిగతాది చెప్పాడు. ఆమె లేవబోయి, చేతులు ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చుంది.

"ఎన్ని మళలు, ఎంతెంత వానలు కొట్టె" అంది. "మేడవీధోళ్లు దాని మీద సున్నం కొట్టిరి, పిల్లోళ్లు రాళ్లు కొట్టిరి. ఎవురికీ పోలే. మనోడి చెయ్యికే పోయె."

సుడలై ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "తప్పు చేస్తినిమా. నువ్వు చెప్తివి, రాయి కాదని. నేను వినకపోతిని."

ఆమె అతని తలమీద చేయి వేయలేదు. తోసేయనూ లేదు.

ఆ మధ్యాహ్నమే జీపు వచ్చింది. సినిమా వాళ్లు విడుదల చేసిన బొమ్మల్లో వాకిలి చూసి, పాత గోడమీద కొత్త సిమెంటు ఉందని ఎవరో ఫిర్యాదు పెట్టారట. చారులత అనే పురావస్తు అధికారి జిల్లానుంచి వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, ఎండకు ముఖం కందిపోయి ఉంది. ఊరంతా కోటకెక్కింది. మూకాయి కూడా ఎక్కింది, కొడుకు చేయి పట్టుకుని, మూడుచోట్ల ఆగి.

చారులత గోరుతో సిమెంటు గీకి చూసింది. ఇక్కడ ఇంతకుముందు ఏదైనా రాత ఉండేదా అని తమిళంలో అడిగింది. జమీందారు పేరుండేదని మేడవీధి వాళ్లు నలుగురు ఒకేసారి చెప్పారు. ఎవరైనా చదివారా అంటే లేదన్నారు. వాళ్లలో వసంతకుమార్ అని, సినిమా వాళ్లకు భోజనాలు సప్లై చేసినవాడు, మూకాయి వైపు చేయి చూపించాడు. "ఈ ముసలామెను అడగండి మేడమ్. వాళ్ల తాత పేరు ఇక్కడుందని అరవై ఏళ్లుగా చెబుతోంది" అన్నాడు. జనం నవ్వారు.

చారులత నవ్వలేదు. పుస్తకం తెరిచి మూకాయి దగ్గరికి వచ్చింది. "చెప్పండి అవ్వా. ఏముండేదో చెబితే రాసుకుంటాను. పాత ఫొటో ఎవరి దగ్గరైనా ఉన్నా చాలు. గోడమీద పోయినా రిజిస్టరులో ఉంటుంది, చదివిస్తాం. దాన్ని పాడుచేసినవాళ్ల మీద మాత్రం కేసు పెట్టక తప్పదు" అంది.

సుడలై చేయి జేబులోకి వెళ్లింది. ఫోను చేతికి తగిలింది. తీసి చూపిస్తే అయిపోతుంది. అరవై ఏళ్ల నవ్వుకు అక్కడే జవాబు దొరుకుతుంది. తిత్తుల మాదన్న ప్రభుత్వపు పుస్తకంలోకి ఎక్కుతాడు, తర్వాత ఏమైనా కానీ. నోరు తెరిచాడు కూడా.

మూకాయి అతని మోచేతిని గట్టిగా నొక్కింది. ఆ వేళ్లలో అంత బలం ఉందని అతనికి తెలియదు.

"రాత ఏదీ లేదు తల్లీ" అంది తమిళంలో, అందరికీ వినబడేట్టు. "పాచి గీతలు, అంతే. కూలిజనం కదా, మాకూ ఒక పేరుంటే బాగుండునని ఆశ. ఆ ఆశతో చిన్నప్పటినుంచీ అబద్ధం చెబుతూ వచ్చాను. మా తాత పేరు ఇక్కడెప్పుడూ లేదు."

నవ్వులు లేచాయి. ఈసారి కింద వీధి వాళ్లు కూడా నవ్వారు. వసంతకుమార్ పడీపడీ నవ్వాడు. చారులత ముసలామెను కాసేపు అలాగే చూసి, చదివినవాళ్లూ, ఫొటో ఉన్నవాళ్లూ ఎవరూ లేరు కాబట్టి రాత ఉన్నట్టు ఆధారం లేదని పుస్తకంలో ఒక వాక్యం రాసి, మూసేసింది.

దిగేటప్పుడు మూకాయి కొడుకు చేయి వదిలేసి పాండీశ్వరి భుజం పట్టుకుంది. సుడలై పక్కకు వచ్చి, "ఏమిటికిమా అట్ల చెప్తివి?" అని తెలుగులో అడిగాడు.

"నీకు పిల్ల ఉండాదిరా. నువ్వు జెయిలుకు పోతే దాని గతి?" అంది. కొంచెం ఆగి, "ఆ పిల్లకు చెప్పు. పెళ్లిలో ఆ పేరు వద్దు. ఎట్ల తెలిసె అని అడుగుతారు. తిత్తి తాత అనే చెప్పుకొందాం, ఎప్పటిమాదిరి" అంది.

వెనకనుంచి ద్రాక్షతోట ఆడవాళ్లు కేక వేశారు. "ఏమి మూకాయీ, ఇన్నాళ్లూ మమ్మల్ని బాగా ఏమార్చినావే."

"ఆమా, అవునవును, ఏమారిపోతిరి కదా" అని ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

సుడలై ముందు నడిచాడు. అధికారి జీపు ఇంకా కింద మడుగు పక్కనే ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. చారులత చెప్పులో రాయి తీసుకుంటోంది. ఒక్క మాట చెప్పడానికి కరడు దిగేదాకా సమయం ఉంది, దిగాక కూడా ఉంది. జీపు కదిలి దుమ్ము అణిగేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు. చెప్పలేదు.